మలయ్‌లో ‘బ్రేక్’ అనడం ఎలా: పగిలిందా, విరిగిందా, తెగిందా?

మలేషియాలో ఉద్యోగం వచ్చి వెళ్ళినవాళ్ళకు, పెళ్ళయి వెళ్ళినవాళ్ళకు, ఇంట్లోనే కూర్చుని మలయ్ నేర్చుకుంటున్నవాళ్ళకు ఒక మాట చెప్పాలనిపించి ఇది రాస్తున్నాను. కొత్త భాష నేర్చుకునేటప్పుడు మనలో చాలామంది ముందు ఇంగ్లీషు మాట తలుచుకుంటారు. దానికి మలయ్‌లో ఏమంటారో ఫోన్‌లో వెతుకుతారు. ‘బ్రేక్’ అనే క్రియ దగ్గర ఆ అలవాటు మనల్ని నిలువునా ముంచుతుంది. ఇంగ్లీషులో గ్లాసుకూ అదే మాట, కాలి ఎముకకూ అదే మాట, తాడుకూ, ఇచ్చిన మాటకూ, ఉపవాసానికీ అదే మాట. మలయ్‌లో వీటిలో ఏ రెండింటికీ ఒకే మాట పనికిరాదు.

మనకు కలిసొచ్చే విషయం ఏమిటంటే, తెలుగులోనూ పనికిరాదు. గ్లాసు పగులుతుంది, కర్ర విరుగుతుంది, తాడు తెగుతుంది, ఫ్యాను చెడిపోతుంది. మాటలు ఇప్పుడిప్పుడే వస్తున్న పిల్లలు తప్ప ‘తాడు పగిలింది’ అని ఎవరూ అనరు. మలయ్ వాళ్ళు కూడా దాదాపు ఇవే గీతలు గీసుకున్నారు. అందుకే మధ్యలో ఇంగ్లీషును దింపేసి తెలుగులోంచి నేరుగా మలయ్‌కు వెళ్ళండి. దారి సగానికి సగం తగ్గుతుంది.

ఈ సంగతి నాకు పుస్తకంలో దొరకలేదు. కౌలాలంపూర్ శివారులో మేం అద్దెకున్న ఇంటి పక్కన ఒక పెద్దావిడ ఉండేవారు. అక్కడ అమ్మ వయసు ఆడవాళ్ళను ‘మాక్‌చిక్’ అని పిలుస్తారు, మన పిన్నిగారు, అత్తయ్యగారు అన్నట్టు. ఓ రోజు వాళ్ళింట్లో టీ తాగుతుంటే నా చేతిలో గ్లాసు జారి పడింది. కంగారులో ‘గెలాస్ పాతాహ్’ అనేశాను. అంతకుముందు రోజే ఒక యాప్‌లో ‘బ్రేక్’ అంటే ‘పాతాహ్’ అని చదివి ఉన్నాను మరి. ఆవిడ ముందు గాజుముక్కలు ఊడ్చేశారు. తర్వాత అదే చీపురులోంచి ఒక ఈనె లాగారు. కొబ్బరి ఈనెల చీపురే, అచ్చం మన ఇళ్ళలో ఉండేది. ఆ ఈనెను రెండు వేళ్ళ మధ్య పట్టుకుని టప్పున విరిచి, ‘ఇని పాతాహ్, నాక్’ అన్నారు. విరగడం అంటే ఇదమ్మా అని. చేటలోని గాజుముక్కలు చూపించి, ‘ఇతు పెచాహ్’ అన్నారు. పెరట్లో బట్టలారేసే తాడు కిందటి వారం తెగి వేలాడుతోంది. దాని వైపు చెయ్యి చూపించి, ‘తాలి పుతుస్’ అన్నారు.

తాలి అంటే తాడు. మన చెవికి మాత్రం అది ‘తాళి’లాగే వినిపిస్తుంది కాబట్టి, ‘తాలి పుతుస్’ అని మొదటిసారి విన్నప్పుడు నాకు గుండె ఝల్లుమంది. మీరు కంగారు పడకండి. అక్కడ బట్టల తాడూ తాలియే, మేకను కట్టే తాడూ తాలియే.

ఆ పది నిమిషాల పాఠాన్నే ఇక్కడ వరసగా పెడుతున్నాను. నేను తర్వాత తెలుసుకున్నవీ కలిపాను.

ముందుగా: చెప్పాల్సింది తెలుగులో అనుకోండి

ఇది మనసులోనే జరగాల్సిన పని. ఏ వస్తువుకు ఏమైంది? పగిలిందా, విరిగిందా, తెగిందా, చెడిపోయిందా? తెలుగు క్రియ నోటికి వచ్చాక దాని మలయ్ జోడీని పట్టుకోండి.

పగిలితే పెచాహ్. విరిగితే పాతాహ్. తెగితే పుతుస్. చెడిపోతే రోసాక్.

పలికే తీరు ఒక్కసారి చెబుతాను. ‘పెచాహ్’లో మొదటి అచ్చు మన ‘ఎ’ అంత స్పష్టంగా ఉండదు, ‘ప’కూ ‘పె’కూ మధ్యలో తేలిగ్గా వదిలేయాలి. చివరి హకారం ఊపిరిలా వినిపిస్తే చాలు. రోసాక్‌లో చివరి ‘క్’ను గట్టిగా కొట్టకూడదు, గొంతులోనే ఆపేయాలి. ‘త’ మాత్రం మన ‘త’ లాంటిదే, నాలుక పళ్ళకు తగులుతుంది. రోమన్ లిపిలో ‘సీ’ అక్షరం కనిపిస్తే ఎప్పుడూ ‘చ’ అనే చదవాలి. మలేషియా, ఇండోనేషియా 1972లో స్పెల్లింగు పద్ధతిని ఒకటి చేసుకున్నాయి. అంతకుముందు మలేషియాలో ‘చ’కు ‘సీ’, ‘హెచ్’ రెండూ కలిపి రాసేవారు, పాత పుస్తకాల్లో ఇప్పటికీ అలాగే కనిపిస్తుంది.

పెచాహ్: పగిలేవి, చితికేవి, బద్దలయ్యేవి

గ్లాసు, ప్లేటు, గుడ్డు, అద్దం, కుండ. గట్టిగా ఉండి ముక్కలుముక్కలయ్యేవన్నీ పెచాహ్. గెలాస్ ఇతు పెచాహ్ అంటే ఆ గ్లాసు పగిలింది అని. ప్లేటును పింగ్గాన్ అంటారు, వినగానే మన పింగాణీ గుర్తొస్తుంది. గాజుకు వాళ్ళ మాట కాచా. అది సంస్కృతం ‘కాచ’ నుంచే వెళ్ళింది. పెనాంగ్‌లో తైపూసం పండగకు వీధుల్లో కుప్పలు పోసి కొబ్బరికాయలు కొడతారు, దానికీ పెచాహ్ మాటే వాడతారు.

ఈ మాట పగిలే వస్తువుల దగ్గర ఆగిపోలేదు. మనం ‘బద్దలు’ అని ఎక్కడెక్కడ అంటామో చాలాచోట్ల వాళ్ళు పెచాహ్ అంటారు. రికార్డు బద్దలు కొట్టడం వాళ్ళకూ పెచాహ్ రెకోడే. సినిమా విరగబడి ఆడితే ‘పెచాహ్ పాంగ్గుంగ్’ అంటారు, అంటే హాలు బద్దలైందని. మనం బాక్సాఫీసు బద్దలైంది అనడం లేదూ! పొట్ట చెక్కలయ్యేలా నవ్వారు అనడానికి వాళ్ళ మాట ‘కెతావా సాంపాయ్ పెచాహ్ పెరుత్’. పెరుత్ అంటే పొట్ట. తలనొప్పితో తల పగిలిపోతోంది అనాలన్నా పెచాహ్ సరిపోతుంది. తలకు వాళ్ళ మాట కెపాలా, మన కపాలమే.

వంటగదిలో దీనికి ఇంకో అందమైన వాడుక ఉంది. సంబల్ వేయించేటప్పుడు ‘పెచాహ్ మిన్యాక్’ అయ్యేదాకా వేయించాలని ప్రతి వంటల పుస్తకంలోనూ రాస్తారు. మిన్యాక్ అంటే నూనె. మిరప ముద్దలోంచి నూనె విడిపోయి పైకి తేలే ఆ ఘడియ అన్నమాట. మన గోంగూరకూ చేపల పులుసుకూ నూనె తేలేవరకు అని చెబుతాం చూడండి, అదే. కొబ్బరిపాలు ఎక్కువ మరిగి విరిగిపోతే ‘సాంతాన్ పెచాహ్’. ఇక్కడ మాత్రం జాగ్రత్త, మన పాలు విరుగుతాయి, వాళ్ళ కొబ్బరిపాలు పగులుతాయి.

లెక్కల క్లాసులో భిన్నాన్ని పెచాహాన్ అంటారు. సంస్కృతంలో ‘భిన్న’ అంటే కూడా చీలినది, విడగొట్టినది అనే అర్థం. రెండు భాషల వాళ్ళూ అరనూ పావునూ చూసి ఒకే బొమ్మ ఊహించుకున్నారు. శంకుస్థాపనకు ‘మజ్లిస్ పెచాహ్ తానాహ్’ అని బోర్డు కడతారు, నేలను పగలగొట్టే వేడుక అని. నమ్మి అప్పగించిన సొమ్ము తినేస్తే ‘పెచాహ్ అమానాహ్’, పేపర్లలో తరచూ కనిపించే నేరం పేరు. ఈ అమానాహ్, మన దస్తావేజుల్లో కనిపించే అమానతు ఒకే అరబ్బీ మాట నుంచి వచ్చినవి.

పాతాహ్: పొడుగ్గా, బిగువుగా ఉండి విరిగేవి

పుల్ల, పెన్సిలు, కుర్చీ కాలు, ఎముక, పన్ను, రెక్క. రెండుగా విరిగితే పాతాహ్. ఎముకను తులాంగ్ అంటారు, విరిగితే తులాంగ్ పాతాహ్. కాలుకు వాళ్ళ మాట కాకీ. ఆసుపత్రిలో ‘కాకీ పాతాహ్’ అని వింటే కాకి గురించి అనుకోకండి, కాలు విరిగింది అంటున్నారు. ఎముక సన్నగా బీట వారిందని డాక్టరు చెబితే అది పాతాహ్ కాదు, రెతాక్. ముక్కలు విడిపోకుండా గీతలా పగులు పడితే గోడకైనా ఎముకకైనా ఫోన్ అద్దానికైనా రెతాకే. ఈ తేడా ఆసుపత్రిలో, ఇన్సూరెన్సు కాగితాల్లో చాలా అవసరం, గుర్తుంచుకోండి.

పాతాహ్‌కు ఇంకో వాడుక ఉంది. మాటలను లెక్కపెట్టడానికీ ఇదే. ‘సెపాతాహ్’ అంటే ఒక్క ముక్క. వాడు ఒక్క ముక్క మాట్లాడలేదు, నాకు ఒక్క ముక్క అర్థం కాలేదు అంటాం కదా, అక్కడ మనం ‘ముక్క’ అన్నచోట వాళ్ళు ‘పాతాహ్’ అంటారు. మాట ఒక పుల్లలాంటిది, విరిచి ఒక్కో ముక్క ఇస్తాం. నాకు మలయ్ మీద ప్రేమ పుట్టింది ఈ ఒక్క మాట దగ్గరే.

కారులో వెళ్తుంటే ‘పాతాహ్ బాలిక్’ అని వినిపిస్తుంది. వెనక్కి తిరిగి వచ్చిన దారినే పొమ్మని. అక్కడ విరిగిందేమీ లేదు.

మనసు సంగతికి వస్తే, ఆశ నీరుగారిపోయి దిగాలుపడితే ‘పాతాహ్ హాతి’. మనం ‘మనసు విరిగింది’ అనేదానికి కొంచెం దగ్గర, పూర్తిగా అదే కాదు. మనకు మనసు విరగడంలో ఎదుటివాళ్ళ మీద అయిష్టం ఉంటుంది, పాతాహ్ హాతిలో దుఃఖం ఎక్కువ. ఉత్సాహం చచ్చిపోతే ‘పాతాహ్ సెమాంగాత్’. మాక్‌చిక్ ఇంకో సామెత కూడా చెప్పేవారు: ‘పాతాహ్ తుంబుహ్, హిలాంగ్ బెర్గాంతి’. విరిగింది మళ్ళీ చిగురిస్తుంది, పోయినదాని చోటికి ఇంకోటి వస్తుంది. పెద్దవాళ్ళు పోయినప్పుడు, నాయకులు మారినప్పుడు ఈ సామెత చెప్పుకుంటారు.

పుతుస్: తెగేవన్నీ

తాడు, దారం, గొలుసు, గాలిపటం దారం, కరెంటు తీగ. చెప్పు తెగితే ‘సెలిపార్ పుతుస్’. సెలిపార్ అంటే స్లిప్పరే. దీన్ని తెలుగు నుంచి తీసుకుంటే ఒక్క క్షణం పట్టదు. ఇంగ్లీషు నుంచి వెళ్తే మాత్రం చెప్పు పగిలిందో విరిగిందో అని ఆలోచిస్తూ నిలబడాలి.

కంటికి కనపడని దారాలు కూడా పుతుస్ అవుతాయి. ఫోన్ లైన్ కట్టయితే, కరెంటు సరఫరా ఆగితే ‘తెర్‌పుతుస్’ అని రాస్తారు. ఫోన్‌లో మాట ముక్కలుముక్కలుగా వినిపిస్తోంటే ‘సువారా పుతుస్-పుతుస్’ అనండి. సువారా అంటే గొంతు, మన స్వరమే. వాన ఎడతెగకుండా కురుస్తుంటే ‘తాక్ పుతుస్-పుతుస్’. మన ‘ఎడతెగని’లో తెగడం ఉంది, వాళ్ళ మాటలోనూ తెగడమే ఉంది.

ప్రేమ తెగిపోతే ‘పుతుస్ చింతా’. చింత మనకు దిగులు, వాళ్ళకు ప్రేమ. రెండూ ఒకే సంస్కృత పదం. నిశ్చితార్థం రద్దయితే ‘పుతుస్ తునాంగ్’. ఆశ వదిలేసుకుంటే ‘పుతుస్ ఆసా’. ఆసా అంటే మన ఆశే. పుతుస్ ఆసా అంటే ఆశ తెగిపోవడం.

ఇప్పుడు చాలామందిని తికమక పెట్టే మాట. ‘కెపుతుసాన్’ అంటే నిర్ణయం, ఫలితం. బడి చదువు చివర్లో పిల్లలు రాసే పెద్ద పరీక్ష ఫలితాలు వచ్చిన రోజున పేపర్ల నిండా ఇదే మాట. తెగడానికీ నిర్ణయానికీ ఏం సంబంధం అని అడుగుతారు. తెలుగువాళ్ళు అడగక్కర్లేదు. బేరం తెగింది అంటే ధర ఖాయమైంది అనే కదా? ఆ గొడవ ఇంకా తెగలేదు అంటే తేలలేదు అనే కదా? సాగుతున్న తాడు ఒకచోట తెగితే విషయం తేలిపోయినట్టే. మలయ్ వాళ్ళు ఆ మాటలోంచే ‘నిర్ణయం’ తయారుచేసుకున్నారు.

రోసాక్: చెడిపోయేవి

దీని గురించి ఎక్కువ చెప్పక్కర్లేదు. లిఫ్టు, కారు, ఫోను, ఫ్యాను, నల్లా, ఏది పనిచేయకపోయినా రోసాక్. లిఫ్టు తలుపు మీద ఒక కాగితం అంటించి ఈ ఒక్క మాట రాసి ఉంటే మెట్లెక్కండి. తిండి పాడైనా రోసాక్ అనవచ్చు, వండిన కూర పాసిపోతే ‘బాసీ’ అనడం ఇంకా సహజం. ఇండోనేషియాలో రోసాక్‌ను ‘రుసాక్’ అంటారు.

ఒకే ఫోనుకు మూడు మాటలు వర్తిస్తాయి, అక్కడ తేడా చూసుకోండి. అద్దం పగిలితే పెచాహ్, గీత పడితే రెతాక్, లోపల పాడై వెలగకపోతే రోసాక్. రిపేరు షాపుకు వెళ్ళినప్పుడు సరైన మాట చెబితే మీ టెన్షన్, అతని టైమ్ రెండూ మిగులుతాయి.

తర్వాత: అదే అయిందా, ఎవరైనా చేశారా?

ఇక్కడ కూడా తెలుగు ఇచ్చే ఆసరా పెద్దది. మనకు పగులు ఉంది, పగలగొట్టు ఉంది. విరుగు, విరిచు. తెగు, తెంచు. చెడు, చెడగొట్టు. అదే జరిగితే ఒక మాట, ఎవరో చేస్తే ఇంకో మాట. మలయ్‌లో పైన చెప్పిన నాలుగూ ‘అదే జరిగింది’ రకం. ఎవరో చేశారు అనాలంటే వెనక ‘కాన్’ తగిలించాలి: పెచాహ్‌కాన్, పాతాహ్‌కాన్, పుతుస్‌కాన్, రోసాక్‌కాన్. మాట్లాడేటప్పుడు ఇంతే చాలు. ‘సియాపా పెచాహ్‌కాన్ గెలాస్ ని?’ అంటే ఈ గ్లాసు ఎవరు పగలగొట్టారు?

రాసేటప్పుడు, ఆఫీసులో, పరీక్షలో ముందు ‘మె’ కూడా చేర్చాలి. అది చేరినప్పుడు మొదటి ‘ప’ మింగుడుపడి ‘మ’ అవుతుంది. పెచాహ్ కాస్తా మెమెచాహ్‌కాన్, పాతాహ్ మెమాతాహ్‌కాన్, పుతుస్ మెముతుస్‌కాన్. రోసాక్‌లో మొదటి అక్షరం ‘ర’ కాబట్టి ఏమీ మారదు, మెరోసాక్‌కాన్. ఈ సంధి కొత్తవాళ్ళను భయపెడుతుంది కానీ, ‘వాడు పోయె’ను ‘వాడువోయె’ అని చదువుకున్నవాళ్ళం మనం. మొదటి అక్షరం మారడం మనకు వింత కాదు.

‘ది’ చేరిస్తే కర్మణి వాక్యం. ‘గెలాస్ ఇతు దిపెచాహ్‌కాన్ ఒలేహ్ ఆదిక్’ అంటే ఆ గ్లాసు తమ్ముడి చేత పగలగొట్టబడింది. తెలుగులో ఇలా అంటే ఎబ్బెట్టుగా ఉంటుంది, మలయ్‌లో మాత్రం రోజూ వాడే వాక్యమే. దానికి అలవాటు పడాలి.

నాకు అన్నిటికంటే ఉపయోగపడింది ‘తెర్’. పొరపాటున, కావాలని కాకుండా జరిగింది అని చెప్పడానికి ఇది. ‘మాఆఫ్ మాక్‌చిక్, సాయా తెర్‌పెచాహ్‌కాన్ గెలాస్’ అంటే క్షమించండి పిన్నిగారూ, చెయ్యి జారి గ్లాసు పగలగొట్టాను. మనం ‘చెయ్యి జారి’ అని రెండు మాటల్లో చెప్పే సంజాయిషీని వాళ్ళు ఒక్క ముక్కలో చెప్పేస్తారు. ఆ రోజు నాకు ఈ ‘తెర్’ తెలిసి ఉంటే బావుండేది. మీరు మాత్రం ముందే నేర్చుకుని వెళ్ళండి.

కాలం గురించి బెంగ వద్దు. మలయ్ క్రియకు కాలాన్ని బట్టి రూపం మారదు. అయిపోయిందని చెప్పాలంటే ముందు ‘సుదాహ్’ పెట్టండి, మాటల్లో అది ‘దాహ్’ అవుతుంది. జరగబోతోంది అంటే ‘ఆకాన్’. జరగలేదు అంటే ‘తిదాక్’, మాటల్లో ‘తాక్’. నేను, నువ్వు, వాళ్ళు అని చివర మార్చుకోవాల్సిన ప్రత్యయాలు కూడా లేవు.

ఇక్కడ తెలుగు కూడా మోసం చేస్తుంది

తెలుగు దారి మంచిదే కానీ గుంతలు లేకపోలేదు. నేను పడ్డవి చెబుతాను.

కూరగాయలు తరుగుతుంటే కత్తి తగిలి చెయ్యి తెగింది అనుకోండి. మనకు అది చిన్న గాయం. దాన్ని ‘తాంగాన్ పుతుస్’ అంటే చెయ్యి తెగి ఊడిపడిందని అర్థం, విన్నవాళ్ళు అంబులెన్సు పిలుస్తారు. చిన్న గాయానికి ‘లుకా’ అనండి. తాంగాన్ సాయా లుకా, నా చేతికి గాయమైంది, అంతే. ఈ ఒక్కటీ తప్పనిసరిగా గుర్తుపెట్టుకోండి.

చెరువు కట్ట తెగింది అంటాం. వాళ్ళ ఆనకట్ట పుతుస్ కాదు, పెచాహ్. ‘ఎంపాంగాన్ పెచాహ్’. చలికి పెదాలు పగిలితే, మడమలు పగిలితే పెచాహ్ అనకండి, ‘మెరెకాహ్’ అంటారు. గుండె పగిలింది అనాలనిపిస్తే పెచాహ్ వద్దు, పైన చెప్పిన పాతాహ్ హాతి అనండి. గాలివానకు చెట్టు విరిగి పడిపోతే, కొమ్మ వరకైతే పాతాహ్, చెట్టు మొత్తం కూలితే ‘తుంబాంగ్’. కాగితం, చొక్కా చిరిగితే ‘కోయాక్’. పొడుగునా రెండుగా చీలిస్తే ‘బెలాహ్’. చిలకాగోరింకల్లాంటి జంటను చూసి ‘పోకచెక్కను రెండుగా చీల్చినట్టు ఉన్నారు’ అని ఒక సామెత ఉంది, ‘బాగాయ్ పినాంగ్ దిబెలాహ్ దువా’. రెండు చెక్కలూ ఒకేలా ఉంటాయని.

ఏదీ విరగని చోట్లు

ఇంగ్లీషులో ‘బ్రేక్’ అంటారు కానీ మలయ్‌లో వీటికి పగలడంతో, విరగడంతో, తెగడంతో ఏ సంబంధమూ లేదు.

మాట తప్పితే ‘ముంకిర్ జాంజి’. మనమూ మాట విరిచాడు అనం, తప్పాడు అంటాం. చట్టాన్ని, ట్రాఫిక్ రూల్‌ని అతిక్రమిస్తే ‘మెలాంగ్గార్’. దీని అసలు మాట లాంగ్గార్, అంటే గుద్దుకోవడం. కారు కారును గుద్దినా లాంగ్గారే, రూల్‌ను గుద్దినా లాంగ్గారే.

ఉపవాసం విడవడానికి ‘బుకా పువాసా’. బుకా అంటే తెరవడం, పువాసా అంటే మన ఉపవాసం అనే మాటే, సముద్రం దాటి వెళ్ళి కుదించుకుపోయింది. రంజాన్ నెలలో సాయంత్రం ఇరుగుపొరుగు పిలిచి ‘బెర్బుకా’కు రమ్మంటే తప్పకుండా వెళ్ళండి. ఖర్జూరంతో మొదలుపెడతారు.

ఆఫీసులో, స్కూల్లో విరామానికి ‘రేహాత్’. ‘బ్రేక్’ అనే శబ్దం మాత్రం మలయ్‌లో ‘బ్రెక్’ అయి కారులో చేరింది, కాలితో తొక్కేది అది. టీవీలో కింద పరిగెత్తే వార్తను పగలగొట్టరు, ‘బెరితా తెర్గెంపార్’ అంటారు. తెల్లవారడానికి ‘ఫాజార్ మెన్యింగ్సింగ్’.

చెడు అలవాటు మానుకోవడం దగ్గర ఒక చిక్కు ఉంది. అలవాటును తాబియాత్ అంటారు, పారేయడాన్ని బువాంగ్ అంటారు. రెండూ కలిపి ‘బువాంగ్ తాబియాత్’ అంటే అలవాటు పారేశాను అవుతుందని ఎవరైనా అనుకుంటారు. కానీ ఎప్పుడూ లేని విధంగా వింతగా ప్రవర్తిస్తున్నారు అని చెప్పడానికి ఆ మాట వాడతారు, ముఖ్యంగా చావు దగ్గరపడిన మనిషి గురించి. సిగరెట్ మానేశాను అని సంతోషంగా చెప్పబోయి ఈ మాట అంటే వింటున్నవాళ్ళ ముఖం మారిపోతుంది. ‘బెర్‌హెంతి’ అనండి, ఆపేశాను అని.

అనుమానం వస్తే నిఘంటువు ఇలా చూడండి

మలేషియాలో భాష బాగోగులు చూసే ప్రభుత్వ సంస్థ దేవాన్ బహాసా దాన్ పుస్తకా. 1956లో మొదలైంది. పేరులోనే మన భాష, పుస్తకం రెండూ ఉన్నాయి. వాళ్ళ నిఘంటువు కాముస్ దేవాన్, మొదటి కూర్పు 1970లో వచ్చింది. ఇప్పుడు ఇంటర్నెట్‌లో ఉచితంగా వెతుక్కోవచ్చు.

అచ్చు పుస్తకంలో మాటలు మూలం కింద ఉంటాయి, చేర్పులతో ఉండవు. మెమాతాహ్‌కాన్ కోసం ‘మ’ దగ్గర వెతికితే దొరకదు. ముందు చివరి ‘కాన్’ తీసేయండి, తర్వాత మొదటి ‘మెమ్’ తీసేయండి. మిగిలినది ‘ఆతాహ్’. దానికి పోయిన ‘ప’ తిరిగి ఇవ్వండి, పాతాహ్. ఇక ‘ప’ దగ్గర వెతకండి. ‘మెమ్’ తీసేస్తే అచ్చుతో మొదలయ్యే ముక్క మిగిలినప్పుడు చాలాసార్లు పోయింది ‘ప’యే. అలాగే ‘మెంగ్’ తీసేసినప్పుడు ‘క’ పోయి ఉండవచ్చు: మెంగోయాక్‌కాన్ విప్పితే కోయాక్. పది మాటలు ఇలా విప్పి చూస్తే చేతికి అలవాటవుతుంది.

మనిషి దొరికితే మాత్రం నిఘంటువు కన్నా మనిషే మేలు. పేరాక్ రాష్ట్రంలోని బగాన్ దాతుక్ వైపు కొబ్బరి తోటల్లో పనికి వెళ్ళి స్థిరపడిన తెలుగు కుటుంబాలు తరాలుగా ఉన్నాయి. అక్కడి మనవాళ్ళు 1955లోనే మలయా ఆంధ్ర సంఘం పేరుతో సంఘం పెట్టుకున్నారు. అలాంటి కుటుంబాల్లో ఎవరైనా పరిచయమైతే సిగ్గుపడకుండా అడగండి. ఇంట్లో తెలుగు, బడిలో మలయ్ విని పెరిగినవాళ్ళకు పాతాహ్, పెచాహ్ తేడా ఒక్క మాటలో చెప్పడం వచ్చు.

ఇప్పుడు మీరు చెప్పండి

కింది వాక్యాలు తెలుగులో ఉన్నాయి. మలయ్ మాట చూడకుండా ముందు నోటితో అని, తర్వాత సరిచూసుకోండి.

నా చెప్పు తెగింది: సెలిపార్ సాయా పుతుస్.

ఫ్యాను చెడిపోయింది: కిపాస్ దాహ్ రోసాక్. ‘దాహ్’ అంటే అయిపోయింది అని పైన చెప్పాను.

ఈ పెన్సిలు ఎవరు విరిచారు: సియాపా పాతాహ్‌కాన్ పెన్సెల్ ని? ఇక్కడ ‘కాన్’ మర్చిపోతే, ఎవరో విరిగారు అన్నట్టు వినిపిస్తుంది.

చెయ్యి జారి ప్లేటు పగిలింది, క్షమించండి: మాఆఫ్, సాయా తెర్‌పెచాహ్‌కాన్ పింగ్గాన్.

వాన ఎడతెగకుండా కురుస్తోంది: హుజాన్ తురున్ తాక్ పుతుస్-పుతుస్.

ఇక చివరిది. ఆశ వదులుకోకు: జాంగాన్ పుతుస్ ఆసా. జాంగాన్ అంటే వద్దు. నేను ఈ వాక్యం మొదటిసారి తడబడకుండా అన్నది మాక్‌చిక్ ముందే. ఆవిడ మనవరాలికి పరీక్షలో కెపుతుసాన్ అనుకున్నట్టు రాలేదు, మెట్ల మీద కూర్చుని ఏడుస్తోంది. నేను అన్నది విని ఆ పిల్ల తలెత్తి చూసింది. మాక్‌చిక్ చీపురు పక్కన పెట్టి మా ఇద్దరికీ టీ పెట్టడానికి లోపలికి వెళ్ళారు.